తెడ్డు వేసినా తరగని ఒళ్ళు
బరువుతో ముప్పయ్యేళ్ళు పోరాడిన బాంటింగ్ జీవితం

మేడ మెట్లు దిగవలసి వచ్చినప్పుడల్లా విలియం బాంటింగ్ వెనక్కి తిరిగి, నెమ్మదిగా ఒక్కొక్క మెట్టే దిగేవారు. ముందుకు తిరిగి దిగితే ఒంటి బరువంతా మోకాళ్ళ మీద, చీలమండల మీద పడి బాధ పెట్టేది. వంగి తన బూట్ల తాడు తాను కట్టుకోలేకపోయేవారు. మెట్లెక్కితే చాలు, ఆయాసం. అప్పటికి ఆయన వయస్సు 65 సంవత్సరాలు. ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. 1862 ఆగస్టు నెలలో తూకం చూసుకుంటే 202 పౌన్లు, అంటే సుమారు 92 కిలోలు.

ఇంత బరువున్న మనిషిని చూస్తే సోమరి అనో, తిండిపోతు అనో లోకం అనుకుంటుంది. బాంటింగ్ విషయంలో ఆ రెండూ నిజం కావు. ఒళ్ళు తగ్గించుకోవడానికి దాదాపు ముప్పయ్యేళ్ళపాటు ఆయన పడని పాట్లు లేవు. వ్యాయామం చేసిన కొద్దీ ఒంట్లో బలం పెరిగింది గాని బరువు తగ్గలేదు. ఈ చిక్కుముడి చివరకు ఎలా విడిపోయిందన్నదే ఆయన జీవితంలో ముఖ్య ఘట్టం.

రాజుల అంత్యక్రియలు చేయించిన ఇల్లు

బాంటింగ్ 1796 డిసెంబరులో జన్మించారు. లండన్ నగరంలో సెయింట్ జేమ్స్ వీధిలో ఆ కుటుంబం వ్యాపారం చేసేది. ఇంటి సామాను తయారు చేయించడంతో పాటు, శవపేటికలు చేయించి అంత్యక్రియల ఏర్పాట్లన్నీ చూడడం వారి వృత్తి. రాజకుటుంబం వారికి ఈ పని చేసి పెట్టే గౌరవం వారికి దక్కింది. 1820లో మూడవ జార్జి రాజుకు, 1830లో నాలుగవ జార్జి రాజుకు అంత్యక్రియల ఏర్పాట్లు చేసింది ఈ కుటుంబ సంస్థే. శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాను మీద జరిగిన 1799 యుద్ధంలో పాల్గొని, తరువాత వాటర్లూ వద్ద నెపోలియన్‌ను ఓడించిన వెల్లింగ్టన్ ప్రభువు అంత్యక్రియలు 1852లో వారి చేతుల మీదుగానే జరిగాయి. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ 1861లో మరణించినప్పుడు కూడా వారినే పిలిచారు.

ఇలాంటి వ్యాపారంలో ఉన్నవారికి తీరిక తక్కువ. బాంటింగ్ పొద్దున్నే లేచి పనిలో దిగే మనిషి. తల్లి వైపున గాని, తండ్రి వైపున గాని లావుపాటివారు లేరు. తనకు మాత్రం ఆ గతి పట్టకూడదని ఆయన చిన్నప్పటి నుంచీ భయపడేవారు. ఆ భయమే నిజమైంది. ముప్పయి దాటి నలభై లోపున ఒళ్ళు పెరగడం మొదలయింది.

పడవ నడిపిన రోజులు

స్నేహితుడైన ఒక వైద్యుడిని సలహా అడిగారు. ఉదయం పనిలోకి వెళ్ళేముందే ఒంటికి గట్టి శ్రమ కల్పించమని, పడవ నడపడం మంచిదని ఆ వైద్యుడు చెప్పాడు. బాంటింగ్ అప్పుడు నది దగ్గరలోనే కాపురం ఉంటున్నారు. బరువైన పడవ ఒకటి ఆయనకు ఉంది. తెల్లవారుజామునే లేచి ఆ పడవలో కూర్చుని రెండేసి గంటలు తెడ్డు వేసేవారు.

ఫలితం కనిపించింది. కండలు గట్టిపడ్డాయి. ఒంట్లో సత్తువ పెరిగింది. కాని దానితోపాటు ఆకలి కూడా విపరీతంగా పెరిగింది. పడవ దిగి ఇంటికి వచ్చేసరికి కడుపు నకనకలాడేది. తినక తప్పేది కాదు. కోతల రోజుల్లో పగలంతా వంగి పనిచేసిన మనిషి మామూలుకంటే రెండు ముద్దలు ఎక్కువే తింటాడని పల్లెల్లో అందరికీ తెలిసిన సంగతే. బాంటింగ్‌కు జరిగింది కూడా అదే. తెడ్డు దగ్గర ఖర్చయింది కంచం దగ్గర తిరిగి వచ్చేది, పైగా కొంత మిగిలేది. బరువు తగ్గకపోగా పెరిగింది. చివరకు సలహా చెప్పిన ఆ వైద్యుడే పడవ మానుకొమ్మన్నాడు.

అంతటితో ఆయన ఊరుకోలేదు. గుర్రపుస్వారీ చేశారు. నడిచారు. సముద్రపు గాలికి వెళ్ళారు, సముద్ర స్నానాలు చేశారు. లెమింగ్టన్, చెల్టెన్‌హామ్, హారోగేట్ అనే ఊళ్ళలో ఔషధ గుణం ఉందని చెప్పే ఊటనీళ్ళు తాగారు. మందులు మింగారు. ఒళ్ళంతా చెమట పట్టించే టర్కీ ఆవిరి స్నానాలు యాభై దాకా చేస్తే తగ్గింది 6 పౌన్లు, అంటే మూడు కిలోలకు లోపే. ఒక దశలో తిండి బాగా తగ్గించి చూశారు. నీరసం వచ్చింది, ఒంటి మీద సెగ్గడ్డలు, పెద్ద కురుపులు లేచాయి. కోత పెట్టించుకోవలసి వచ్చింది. నీరసం పోవడానికి మళ్ళీ బలమైన తిండి పెట్టారు. తగ్గిన కొద్దిపాటి బరువూ తిరిగి వచ్చేసింది.

ఇంటాబయటా ఇబ్బందులే

స్థూలకాయం వల్ల బాధ ఒంటికే పరిమితం కాలేదు. వీధిలో నడుస్తుంటే, బండి ఎక్కుతుంటే, సభలో కూర్చోబోతే జనం ఎగతాళి చేసేవారు. తనకు సరిపోయే చోటు దొరకదని, నలుగురూ నవ్వుతారని ఆయన జనం మధ్యకు పోవడం బాగా తగ్గించుకున్నారు. పెద్ద పెద్దవారి అంత్యక్రియల్లో గౌరవంగా నిలబడిన మనిషి వీధిలో పోకిరీల నవ్వుకు తలవంచవలసి వచ్చింది.

వయస్సు పెరిగిన కొద్దీ ఇబ్బందులు ముదిరాయి. మోకాళ్ళకు కట్లు కట్టుకోవలసి వచ్చింది. బొడ్డు దగ్గర లోపలి భాగం జారి బుడిపె కట్టింది. చూపు మందగించింది. 1862లో చెవులు కూడా సరిగా వినపడకుండా పోయాయి. ఈ చెవుడే ఆయన బతుకును మలుపు తిప్పింది.

చెవి వైద్యుడు చెప్పిన తిండి కిటుకు

మొదట చూపించుకున్న చెవి వైద్యుని వల్ల గుణం కనిపించలేదు. తరువాత విలియం హార్వీ అనే మరో వైద్యుని దగ్గరకు వెళ్ళారు. హార్వీ కొన్నేళ్ళ క్రితం పారిస్ నగరంలో క్లాడ్ బెర్నార్డ్ అనే గొప్ప శాస్త్రజ్ఞుని ఉపన్యాసాలు విన్నవాడు. కాలేయం చక్కెరను తయారు చేస్తుందని బెర్నార్డ్ కనుగొన్నారు. ఆ మాటలు విన్న తరువాత హార్వీ మధుమేహం గురించి, ఒంట్లో పేరుకునే కొవ్వు గురించి ఆలోచించడం మొదలుపెట్టాడు. తీపి, పిండి పదార్థాలు కొవ్వుగా మారతాయని ఆయనకు గట్టిగా తోచింది.

బాంటింగ్‌ను పరీక్షించి, చెవుల జబ్బుకు కూడా కొవ్వే కారణమని హార్వీ అభిప్రాయపడ్డాడు. రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, బంగాళాదుంపలు వీలైనంతవరకు మానుకోమన్నాడు.

బాంటింగ్ ఆశ్చర్యపోయారు. అంతవరకూ ఆయన తిన్నవి ముఖ్యంగా అవే. పొద్దున పాలల్లో రొట్టె, లేకపోతే పాలూ చక్కెరా దండిగా పోసిన టీతో వెన్న రాసిన రొట్టె. మధ్యాహ్నం మాంసంతో పాటు బోలెడు రొట్టె, బీరు, పిండివంటలు. సాయంత్రం మళ్ళీ టీ, రొట్టె. రాత్రికి పండ్లు పెట్టి చేసిన పిండివంట గాని, పాలూ రొట్టె గాని. ఇవన్నీ అందరూ తినే సాదా పదార్థాలే కనుక, తప్పు వీటిలో ఉందని ఆయనకు గాని, అంతకుముందు చూసిన వైద్యులకు గాని తట్టలేదు.

కొత్త పద్ధతిలో పూటపూటకూ కొలత పెట్టుకున్నారు. పొద్దున మాంసం గాని చేప గాని 4, 5 ఔన్సులు, అంటే 110 నుంచి 140 గ్రాములు. పాలు, చక్కెర లేని టీ. కాల్చిన రొట్టె ముక్క ఒక్క ఔన్సు. మధ్యాహ్నం చేప, మాంసం, బంగాళాదుంప తప్ప మరే కూరగాయ అయినా సరే. సాయంత్రం కాసిని పండ్లు, పాలులేని టీ. రాత్రి మళ్ళీ కొద్దిగా మాంసమో చేపో. మధ్యాహ్నం, రాత్రి ద్రాక్ష సారాయి తాగడం కూడా ఆ పట్టికలో ఉంది. దాన్ని ఈనాటి వైద్యులు మెచ్చుకోరు.

గుర్రాలకు మన వైపు ఉలవలు పెట్టినట్టే అక్కడ ఒక రకం చిక్కుడు గింజలు పెట్టేవారు. వయసులో ఉన్నవారికి మేలు చేసే కొన్ని తిండి పదార్థాలు పెద్దవయసులో చేటు చేస్తాయని చెప్పడానికి బాంటింగ్ ఆ గింజలనే పోలికగా చెప్పుకునేవారు.

ఏడాదిలో 46 పౌన్లు

ఈసారి ఆకలితో మాడలేదు. నీరసం రాలేదు. వారం వారం బరువు దిగుతూ వచ్చింది. 1863 సెప్టెంబరుకు ఆయన తూకం 156 పౌన్లు, అంటే సుమారు 71 కిలోలు. ఏడాదిలో 46 పౌన్లు, దాదాపు 21 కిలోలు తగ్గారు. నడుము చుట్టుకొలత 12 అంగుళాల పైచిలుకు తగ్గింది. మెట్లు ముందుకు తిరిగి దిగసాగారు. వంగి తన పనులు తాను చేసుకున్నారు. చెవులు బాగా వినపడసాగాయి. మోకాళ్ళ కట్లు విప్పేశారు.

తనలా బాధపడేవారు ఎందరో ఉంటారన్న తలంపు ఆయన్ను ఊరుకోనివ్వలేదు. 1863లోనే తన అనుభవాన్ని ప్రజలకు రాసిన ఉత్తరం రూపంలో చిన్న పుస్తకంగా సొంత ఖర్చుతో అచ్చు వేయించి ఉచితంగా పంచిపెట్టారు. అడిగేవారు పెరిగాక తరువాతి ముద్రణలకు వెల పెట్టినా, వచ్చిన లాభం ధర్మకార్యాలకే ఇచ్చారు. పుస్తకం వేల ప్రతులు చెల్లింది. దేశ దేశాల నుంచి ఆయనకు ఉత్తరాలు వచ్చాయి.

వైద్యులలో చాలామందికి ఇది నచ్చలేదు. అంత్యక్రియల వ్యాపారికి వైద్యం మాటలెందుకని కొందరు ఎద్దేవా చేశారు. ఇందులో కొత్తేమీ లేదని కొందరు, ప్రమాదమని కొందరు విమర్శించారు. తాను కనిపెట్టింది ఏమీ లేదని, తనకు జరిగింది జరిగినట్టు చెప్పడమే తన పని అని బాంటింగ్ వినయంగా జవాబిచ్చారు. ఆయన పేరు మాత్రం భాషలోకి ఎక్కింది. ఇంగ్లీషులో పథ్యం చేసి ఒళ్ళు తగ్గించుకోవడాన్ని చాలాకాలం బాంటింగ్ చేయడం అనేవారు. స్వీడన్ దేశపు భాషలో ఇప్పటికీ దానికి ఆయన పేరు నుంచి పుట్టిన మాటే వాడుతున్నారు.

తగ్గిన ఒళ్ళు ఆయనకు మళ్ళీ పెరగలేదు. 1878 మార్చి 16న 81 సంవత్సరాల వయస్సులో లండన్‌లో కన్నుమూశారు.

అందరి ఒళ్ళూ ఒకటి కాదు

బాంటింగ్ పద్ధతి అందరికీ ఒకే తీరుగా సరిపడుతుందని చెప్పడానికి లేదు. మధుమేహానికి, రక్తపోటుకు మందులు వాడేవారు వైద్యుని అడగకుండా ఉన్నట్టుండి తిండి మార్చుకుంటే ప్రమాదం. అలాగని ఆయన కథ చదివి వ్యాయామం దండగ అనుకోవడమూ పొరపాటే. కాయకష్టం గుండెకు, కండలకు, ఎముకలకు మేలు చేస్తుందని ఈనాటి వైద్యశాస్త్రం గట్టిగా చెబుతోంది. థేమ్స్ తీరపు ఊళ్ళో ఉన్న ఆ మనిషికి పడవ ఇచ్చిన బలం అబద్ధం కాదు. అయితే శ్రమతో పాటు ఆకలి కూడా పెరుగుతుంది గనుక, కంచంలో ఏముందో చూసుకోకుండా ఒక్క శ్రమతోనే బరువు తగ్గడం చాలామందికి సాధ్యం కాదు.

లావుగా ఉన్న మనిషి కష్టపడడం లేదని, నోరు కట్టుకోలేడని లోకం తేలిగ్గా తీర్పు చెబుతుంది. ముప్పయ్యేళ్ళు ఆ తీర్పు భరించిన బాంటింగ్‌కు కావలసింది ఇంకా ఎక్కువ శ్రమ కాదు, ఏం తింటున్నావని ఓపికగా అడిగే వైద్యుడు. అలాంటి వైద్యుడు దొరికిన తరువాత, తాను తెలుసుకున్నది దాచుకోకుండా ఉచితంగా పంచి వెళ్ళారు.