ఆల్చిప్ప గుండె, యల్లాప్రగడ లెక్క

ఆల్చిప్పకూ గుండె ఉంటుంది. రెండు కర్ణికలు, ఒక జఠరిక. అందులోంచి బయల్దేరిన ద్రవం రక్తనాళాలు దాటి కణజాలాల మధ్య ఖాళీల్లోకి పారి, మొప్పల మీదుగా తిరిగొస్తుంది. గుండె లయ ఆ కండరంలోనే పుడుతుంది. నరాలు దాన్ని పెంచుతాయి, తగ్గిస్తాయి. చిప్పలు గట్టిగా మూసుకుంటే గుండె నెమ్మదిస్తుంది. మరి ఆ కండరానికి శక్తి ఎక్కడిది? జవాబులో ఒక తెలుగువాడి పేరుంది.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు ఆంగ్ల ప్రొఫెసర్ ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకున్నారు. స్ప్రూ వ్యాధి ఇద్దరు సోదరులను బలిగొంది. బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రిపూట చిన్నపాటి పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదివారు.

అక్కడ సైరస్ ఫిస్కేతో కలిసి, రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని రంగు ఆధారంగా కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ కొలతే దారి చూపింది. కండరంలో 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ బయటపడ్డాయి. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది ఏటీపీని విడిగా కనుగొన్నారు. కండర సంకోచానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న అప్పటి సిద్ధాంతానికి ఈ ఫలితాలతో పునాది కదిలింది.

మన గుండె, ఆల్చిప్ప గుండె ఇక్కడే కలుస్తాయి, ఇక్కడే విడిపోతాయి. రెండూ ఖర్చు పెట్టేది ఏటీపీనే. అది తరిగినప్పుడు వెంటనే నింపే నిల్వ మాత్రం వేరు: మనకు ఫాస్ఫోక్రియాటిన్, ఆల్చిప్పకు ఆర్జినిన్ ఫాస్ఫేట్. చెల్లే నాణెం ఒకటే, దాచుకునే డబ్బా వేరు.

ఇంత చేసినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను తీసుకెళ్లిన స్ప్రూకు అది మందైంది. బోదకాలుకు డీఈసీ మాత్ర కూడా ఆ ప్రయోగశాల నుంచే వచ్చింది. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే ఆయన కన్నుమూశారు.

ఢిల్లీలోని కేంద్ర ప్రభుత్వం ఆయన పేరిట తపాలా బిళ్ల విడుదల చేసింది శతజయంతి ఏడాది 1995లో. బోదకాలు నివారణకు ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తెచ్చి మింగించే మాత్రల్లో మాత్రం డీఈసీ ఇప్పటికీ ఉంది. మింగేవారిలో ఆయన పేరు తెలిసినవారు తక్కువ.