ఆ మాత్ర వెనుక మన తెలుగువాడు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

పలాస, టెక్కలి పరిసరాల్లోనూ, ఉద్దానం తీర గ్రామాల్లోనూ ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ వచ్చి, తమ ఎదుటే మింగించిన బోదకాలు మాత్రలు మన కుటుంబాలన్నిటికీ గుర్తే. ఆరోగ్యశాఖలో పనిచేసి రిటైరైన మన సభ్యులు కొందరు వాటిని స్వయంగా పంచినవారే. ఆ డి.ఇ.సి. మందు ఒక తెలుగు శాస్త్రజ్ఞుని ఆధ్వర్యంలో తయారైనదని మాత్రం మనలో కొద్దిమందికే తెలుసు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో ఒక రెవెన్యూ ఉద్యోగి ఇంట జన్మించారు. చదువు సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషన్ మూడోసారి గాని గట్టెక్కలేదు. సోదరులిద్దరు కొద్దిరోజుల తేడాతో మరణించారు. అందులో అన్నగారు పురుషోత్తంగారిని బలిగొన్నది స్ప్రూ అనే దీర్ఘకాలపు విరేచనాల జబ్బు. ఆ దుఃఖం ఆయన జీవితాంతం మరువలేదు.

మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టి ఇంగ్లీషు ప్రొఫెసరు ఆగ్రహానికి గురై, పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. కొంతకాలం ఆయుర్వేద కళాశాలలో బోధించి, మామగారి సాయంతోనూ, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతోనూ బోస్టన్ వెళ్లారు. రాత్రిపూట ఆసుపత్రిలో చిన్నపనులు చేస్తూ హార్వర్డులో చదువుకున్నారు.

అక్కడ ప్రొఫెసర్ ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఆ పద్ధతే ఆయనను కండరాల రహస్యానికి చేర్చింది. కండలో నిల్వ ఉండే గ్లైకోజన్ అనే పిండిపదార్థం లాక్టిక్ ఆమ్లంగా మారడం వల్లనే కండ కదులుతుందని ఆనాటి పండితుల నమ్మకం. ఈ రంగంలో కృషికి 1922 నోబెల్ బహుమతి కూడా లభించింది. ఫిస్కే, సుబ్బారావులు 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎ.టి.పి.ని కండలో కనుగొనడంతో ఆ నమ్మకం సడలింది. ఎ.టి.పి.ని అదే కాలంలో జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుగొన్నారు. మనం తిన్న అన్నంలోని పిండి చక్కెరగా మారి, ఆ చక్కెర శక్తి ఎ.టి.పి. రూపంలో కండకు అందుతుందని తర్వాతి పరిశోధనల్లో తేలింది. ఉద్దానంలో కొబ్బరిచెట్టు ఎక్కే కూలీకి బలమిచ్చేది అదే.

ఇంత చేసినా హార్వర్డులో ఆయనకు స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ మందుల సంస్థకు వెళ్లి పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అన్నగారి ప్రాణం తీసిన స్ప్రూకు అదే మందయింది. ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందులు పిల్లల రక్తక్యాన్సరుపై 1948లో తొలి ఫలితాన్నిచ్చాయి. వాటిలోని మెథోట్రెక్సేట్‌ను నేడు కీళ్లవాతానికి కూడా వాడుతున్నారు. బోదకాలుకు డి.ఇ.సి. 1947లో వెలువడింది. అది వాచిన కాలును మామూలు చేయలేదు గాని, రక్తంలో తిరిగే సూక్ష్మక్రిములను తొలగించి, దోమల ద్వారా జబ్బు మరొకరికి సోకకుండా ఆపుతుంది.

ఆయన 1948 ఆగస్టులో, 53వ ఏట నిద్రలోనే గుండె ఆగి కన్నుమూశారు. బోస్టన్ వెళ్లినాక స్వదేశానికి తిరిగి రానేలేదు. భార్య శేషగిరిగారి నిరీక్షణ ఫలించలేదు. పుట్టిన బిడ్డ ఆయన కళ్లబడకుండానే పసితనంలో మరణించాడు. ఆయన విజయాలను చెప్పుకునేటప్పుడు ఆ ఇల్లాలి త్యాగాన్ని కూడా తలచుకోవడం న్యాయం. 1995లో శతజయంతి సందర్భంగా మన ప్రభుత్వం తపాలాబిళ్ల విడుదల చేసింది.

నేడు మన ఉద్దానాన్ని కుంగదీస్తున్నది మూత్రపిండాల వ్యాధి. 2023 డిసెంబరులో పలాసలో దానికోసం పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమైనా, కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. మూత్రపిండాలు చెడితే రక్తంలో పెరిగేవాటిలో భాస్వరం ఒకటి. దాన్ని కొలవడానికి ప్రపంచమంతటా ప్రయోగశాలలు దశాబ్దాలపాటు వాడినది ఫిస్కే-సుబ్బారావు పద్ధతినే. మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పిన కుర్రవాడే ఇంతవాడయ్యాడు. మన మనవలు, మనవరాళ్లలో ఎవరైనా పరీక్ష తప్పితే కోప్పడక, ఈ కథ చెప్పండి. ఉద్దానం జబ్బుకు కారణం కనిపెట్టే బిడ్డ మన ఇళ్లలోనే ఉండవచ్చు.