చర్చి గోడ బయట పుట్టిన సంగీతం

డ్యూక్ ఎల్లింగ్టన్ 1899లో వాషింగ్టన్‌లో జన్మించారు. తండ్రి తెల్లవారి ఇళ్లలో బట్లర్. 1927లో ఎల్లింగ్టన్ జాజ్ బృందం న్యూయార్క్‌లోని నల్లవారి పేట హార్లెంలో, కాటన్ క్లబ్‌లో కుదురుకుంది. వేదికపై నల్లవారు, బల్లల ముందు తెల్లవారు. నల్లవారికి శ్రోతలుగా ప్రవేశం లేదు. డప్పు కావాలి, డప్పు కొట్టేవాడు మాత్రం గడప దాటరాదన్న మన ఊళ్లను ఎరిగిన నాకు ఇందులో వింత తోచదు.

1943 జనవరి 23న కార్నెగీ హాలులో ఆయన 'బ్లాక్, బ్రౌన్ అండ్ బేజ్' వినిపించారు. జాజ్ అంటే మూడు నిమిషాల రికార్డుగా చెల్లుతున్న రోజుల్లో అది సుమారు 45 నిమిషాల రచన. అమెరికా నల్లజాతి చరిత్రను వాద్యబృందంతో చెప్పే ప్రయత్నం. పేరులోనే చర్మపు ఛాయల అంతరాలున్నాయి. మొదటి భాగంలో బానిసల పనిపాటలు, ఆపైన 'కమ్ సండే'. లోపల యజమానుల ఆరాధన సాగుతుండగా గోడ బయట నిలిచి వింటున్న బానిసల ప్రార్థన అది. జానీ హాడ్జెస్ శాక్సోఫోన్ అక్కడ దాదాపు మనిషి గొంతే. రెండవ భాగంలో విముక్తి వస్తుంది. యువకులు గంతులేస్తారు, జీవితమంతా చాకిరీలో అరిగిన వృద్ధులకు ఇక పోవడానికి చోటు లేదు. చట్టం ఇచ్చిన విముక్తికీ బతుకులోని విముక్తికీ నడుమ ఎడాన్ని ఇంత క్లుప్తంగా చెప్పిన రచనలు నేను ఎక్కువగా ఎరుగను. హార్లెంను చిత్రించే మూడవ భాగం మాత్రం తొందరగా ముగిసినట్టు నాకూ అనిపిస్తుంది.

శాస్త్రీయ సంగీత విమర్శకులు నిర్మాణం లేదన్నారు. జాజ్ పక్షపాతులు కొందరు, ఇది నాట్యానికి పనికిరాదని నొచ్చుకున్నారు. ఇద్దరి మాటా ఒకటే: నీ చోటు అది కాదు. ఆ ఏడాది తరువాత ఎల్లింగ్టన్ దానిని వేదికపై సమగ్రంగా వినిపించలేదు; ముక్కలుగానే వాయించారు. 1958లో మహాలియా జాక్సన్ 'కమ్ సండే'ను పాడి రికార్డు చేయడంతో ఆ ఒక్క ముక్క లోకానికి చేరువైంది.

1963లో అమెరికా ప్రభుత్వం ఆయనను సాంస్కృతిక దూతగా మన దేశానికీ పంపింది. రెండేళ్లకు, 1965లో, పులిట్జర్ సంగీత న్యాయనిర్ణేతలు ఆయనకు ప్రత్యేక గౌరవాన్ని సిఫారసు చేస్తే బోర్డు నిరాకరించింది. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఇద్దరు రాజీనామా చేశారు. ఎల్లింగ్టన్ 1974లో మరణించారు. పులిట్జర్ ప్రత్యేక పురస్కారం 1999లో వచ్చింది.