కొత్త నక్షత్రానికి లెక్క రాసిన హకీం ఇబ్నె రిజ్వాన్

హకీం అలీ ఇబ్నె రిజ్వాన్ సుమారు క్రీ.శ. 988లో ఈజిప్టులోని గీజాలో ఒక రొట్టెల కార్మికుని ఇంట జన్మించారు. చిన్ననాడే చదువు కోసం కైరో చేరారు. ఉస్తాదులకు రుసుము చెల్లించే స్తోమత లేదు. అందుకే గ్రంథాలనే ఉస్తాదులుగా చేసుకుని వైద్యం నేర్చారు. దారి పక్కన కూర్చుని జాతకాలు చెప్పి పొట్ట పోసుకున్నారు.

హిజ్రీ 396, అంటే క్రీ.శ. 1006లో ఒక కొత్త నక్షత్రం ప్రత్యక్షమైంది. అప్పటికి ఆయన పద్దెనిమిదేళ్ల విద్యార్థి. ఆనాటి జ్యోతిషుల మాదిరిగానే ఆయన కూడా దానిని యుద్ధాలకు, కరువుకాటకాలకు శకునంగా భావించారు. అయితే కంటితో చూసినదాన్ని కూడా జాగ్రత్తగా నమోదు చేశారు. అది వృశ్చికంలో 15వ భాగంలో ఉంది. శుక్రుని కంటే రెండున్నర నుంచి మూడు రెట్లు పెద్దగా కనిపించింది. దాని వెలుగు చంద్రకాంతిలో పావు వంతును మించింది. సూర్యుడు కన్యారాశికి చేరేసరికి అది కనుమరుగైంది. ఆనాటి గ్రహాల స్థానాలను సైతం ఆయన రాశారు. టాలెమీ గ్రంథానికి తాను రచించిన వ్యాఖ్యానంలో ఈ వివరాలన్నీ చేర్చారు.

తర్వాత ఆయన ఈజిప్టు వైద్యులకు పెద్ద అయ్యారు. ఆ దేశపు గాలి, నీరు, రోగాల గురించి గ్రంథం రచించారు. సుమారు 1061లో మరణించారు.

ఆ వెలుగు ఏమిటో శాస్త్రజ్ఞులు ఈ కాలంలో కనుగొన్నారు. సూర్యుని వంటి నక్షత్రం ఇంధనమంతా అయిపోయాక భూమి అంత చిన్నదిగా కుదించుకుపోతుంది. దానినే శ్వేత కుబ్జ తార అంటారు. పక్కనున్న నక్షత్రం నుంచి వచ్చిన వాయువు దాని మీద పేరుకుని భగ్గుమంటే అది నోవా. కొన్నాళ్లకు ఆ మంట తగ్గుతుంది, తార మిగులుతుంది. తారే మొత్తంగా పేలిపోతే సూపర్‌నోవా. ఇబ్నె రిజ్వాన్ చూసింది ఈ రెండవదే. సుమారు 7,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న దాని శిథిలాలను 1965లో రేడియో దూరదర్శినితో గుర్తించారు. ఆయన రాసిన గ్రహస్థానాలను బట్టి ఆ రోజు 1006 ఏప్రిల్ 30 అని కూడా తేల్చారు.

జూన్ నెలలో రాత్రి తొమ్మిది, పది గంటల వేళ కరీంనగర్‌లోగాని, ఆదిలాబాద్‌లోగాని దక్షిణ దిక్కుకు చూడండి. ఆకాశంలో మూడో వంతు ఎత్తున, వృశ్చికానికి కాస్త పడమరగా ఉంది ఆ చోటు. ఇప్పుడక్కడ కంటికి ఏమీ కనిపించదు. ఇబ్నె రిజ్వాన్ నమ్మిన శకునాన్ని నేడు ఎవరూ లెక్కచేయరు. ఆ పేద విద్యార్థి నిజాయితీగా రాసిపెట్టిన లెక్క మాత్రం వెయ్యేళ్ల తర్వాత కూడా శాస్త్రజ్ఞులకు పనికొస్తోంది. పిల్లలకు ఈ మాట తప్పక చెప్పండి.