ఎండకు ముఖం తిప్పిన పువ్వు



లెంటు దినాలు వచ్చే వేళకు మన ప్రాంతంలో మోదుగు పూస్తుంది. కరీంనగర్ నుంచి నిర్మల్ మీదుగా ఆదిలాబాద్ వెళ్లేవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. ఆకులన్నీ రాల్చుకుని మోడులా నిలబడ్డ చెట్టు కొద్దిరోజుల్లోనే ఎర్రటి పూలతో నిండిపోతుంది. ఆ చెట్లను చూసినప్పుడల్లా, పువ్వుల్లో సిలువ పాఠాన్ని చదివి, ఆ పాఠాన్నే నీటిరంగుల బొమ్మలుగా వేసిన ఒక దైవసేవకురాలు మాకు గుర్తుకు వస్తారు. ఆమె పేరు లిలియస్ ట్రాటర్.

లిలియస్ 1853 జూలై 14న లండన్‌లో కలిగిన కుటుంబంలో పుట్టారు. పన్నెండేళ్లకే తండ్రిని పోగొట్టుకున్నారు. బొమ్మలు వేయడం ఆమెకు పుట్టుకతో వచ్చిన వరం. 1876లో తల్లితో కలిసి ఇటలీలోని వెనిస్ నగరానికి వెళ్లినప్పుడు, ఆ ఊళ్లోనే జాన్ రస్కిన్ ఉన్నారని తెలిసింది. చిత్రకళ విషయంలో ఆ రోజుల్లో ఇంగ్లండ్ అంతా ఆయన మాటకు విలువిచ్చేది. తల్లి కూతురు బొమ్మలను ఆయనకు పంపింది. స్త్రీలు గొప్పగా చిత్రించలేరని అంతవరకు నమ్మిన ఆ పెద్దమనిషి ఈ బొమ్మలు చూసి ఆ అభిప్రాయం మార్చుకుని, ఆమెను శిష్యురాలిగా చేర్చుకున్నారు.

అయితే అప్పటికే లిలియస్ మనసు ఇంకో పని మీద ఉంది. లండన్‌లో వై.డబ్ల్యు.సి.ఎ. పరిచర్యలో ఆమె పాలుపంచుకునేవారు. రాత్రివేళ విక్టోరియా రైల్వేస్టేషన్ చుట్టుపక్కల వీధుల్లో తిరిగి, ఒళ్లమ్ముకుని బతుకుతున్న ఆడపిల్లలను చేరదీసేవారు. మధ్యాహ్నం కూర్చుని అన్నం తినే చోటు లేక వీధుల్లోనే తినే పనిపిల్లల కోసం భోజనశాల తెరిచారు. రస్కిన్‌కు ఇది నచ్చలేదు. పూర్తిగా కళకే అంకితమైతే ఆ కాలపు గొప్ప చిత్రకారుల్లో ఒకరిగా నిలబడగలవని 1879లో ఆమెకు స్పష్టంగా చెప్పారు. కానీ దానికి జీవితమంతా ఇవ్వాలి.

ఆమె చాలా రోజులు ప్రార్థనలో పోరాడారు. దేవుని రాజ్యాన్ని మొదట వెదకుతూ, రస్కిన్ కోరినట్టుగా కళకే అంకితం కావడం తనకు సాధ్యం కాదని తేల్చుకున్నారు. ఈ నిర్ణయం తేలికగా జరిగిందనుకోవద్దు. చిత్రకళ మీది ఆశ చివరిదాకా ఆమెను వదలలేదు. కుంచె పట్టని రోజుల్లో కన్నా పట్టిన రోజుల్లోనే ఆ బాధ ఎక్కువగా ఉండేదట. సమర్పణ అంటే నొప్పి లేకపోవడమని బోధించే మనం ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి.

తర్వాత ఒక శస్త్రచికిత్స వల్ల ఆమె గుండె బలహీనపడింది. 1887లో ఉత్తర ఆఫ్రికా అవసరాన్ని గురించి విని, అక్కడి మిషన్‌కు దరఖాస్తు పెట్టారు. ఆరోగ్యం చాలదని వారు తిరస్కరించారు. ఆమె వెనుదిరగలేదు. సొంత ఖర్చుతో, ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి 1888 మార్చిలో అల్జీరియాలోని అల్జీర్స్ పట్టణంలో పరిచర్య మొదలుపెట్టారు. ముగ్గురిలో ఒక్కరికీ అరబీ రాదు. భాష నేర్చుకుని, పాతపట్నం ఇరుకు సందుల్లో కాపురం పెట్టి, స్త్రీలకు, పిల్లలకు సువార్త చెప్పారు. ఎడారి గ్రామాలకు ఒంటెల మీద ప్రయాణించారు. మాట్లాడే అరబీలోకి సువార్తలను తెచ్చే పనిలో చేయి కలిపారు. ఫలం మాత్రం కొంచెమే కనిపించింది. విశ్వసించినవారిలో కొందరు ఒత్తిడికి తట్టుకోలేక వెనక్కు పోయారు.

ఇంతకూ ఆమె కుంచె ఏమైంది? ఆమె దాన్ని పారేయలేదు. దినచర్య పుస్తకాల పేజీల మధ్య చిన్నచిన్న బొమ్మలు వేస్తూనే ఉన్నారు. దారి పక్క పువ్వు, ఎండుటాకు, గింజ, ముళ్లకొమ్మ, ఇవే ఆమె వస్తువులు. వాటిని కలిపి సిలువ ఉపమానాలు చెప్పే చిన్న పుస్తకాలు చేశారు. ఆమెకు ఎంతో పాఠం చెప్పిన పువ్వుల్లో ఒకటి డాండిలైయన్. అది తోటల్లో పెంచే పువ్వు కాదు, కలుపు మొక్క. దెబ్బ తగిలితే ఆకు నలిపి పసరు పిండుకునే మన గడ్డిచామంతికి దూరపు చుట్టం. పసుపు రేకులు రాలాక దాని తల మీద తెల్లటి గింజల గోళం ఏర్పడుతుంది. మన జిల్లేడు గింజల్లా అవి దూది రెక్కలతో గాలికి ఎగిరిపోతాయి. చివరికి బోడి తొడిమె మిగులుతుంది. తనకంటూ ఏదీ దాచుకోకుండా ఇవ్వడమే సిలువ మార్గమని లిలియస్ దానిలో చదివారు. భూమిలో పడి చచ్చే గోధుమగింజను గురించి ప్రభువు చెప్పింది కూడా ఇదే కదా (యోహాను 12:24).

మరొకసారి, అడవిలో నీడల మధ్య ఒక్క డాండిలైయన్ వెలిగిపోతూ కనిపించింది. దానిలో ప్రత్యేకత ఏమీ లేదు. అది ముఖాన్ని సూర్యుని వైపు తిప్పుకుని నిలబడింది, అంతే. ఎన్నో మంచి పనుల మధ్య చెదిరిపోయే మనసు క్రీస్తు వైపే నిలవాలని ఆ పువ్వును చూసి ఆమె ఒక కరపత్రం రాశారు. 1918లో అది హెలెన్ లెమ్మెల్ అనే కీర్తనకారిణి చేతికి చేరింది. యేసు వైపు కన్నులు తిప్పమని పిలిచే ప్రసిద్ధ ఇంగ్లీషు కీర్తన అలా పుట్టింది. కలుపు మొక్క చెప్పిన పాఠాన్ని లోకమంతటా సంఘాలు పాడుకుంటున్నాయి.

చివరి సంవత్సరాలు మంచం మీదే గడిచినా ఆమె రాయడం మానలేదు. 1928 ఆగస్టులో, 75 ఏళ్ల వయసులో, అల్జీర్స్‌లోనే ప్రభువునందు నిద్రించారు. ఆమె స్థాపించిన అల్జీర్స్ మిషన్ బ్యాండ్ 1964లో నార్త్ ఆఫ్రికా మిషన్‌లో కలిసింది. ఒకప్పుడు ఆరోగ్యం చాలదని ఆమెను కాదన్న సంస్థ అదే!

ఈ జీవితం మనతో రెండు మాటలు చెబుతోంది. మొదటిది తల్లిదండ్రులకు, కాపరులకు. కొయ్యబొమ్మలకు రంగులద్దే నిర్మల్ కళాకారుల నేల మనది. అయినా సండే స్కూల్లో చక్కగా బొమ్మలు వేసే పిల్లను చూసి, ఇది తిండి పెడుతుందా అని కసురుతాం. లిలియస్ కళను విడిచిపెట్టారని చెప్పి మనం ఆ పిల్ల చేతిలో కుంచె లాక్కోకూడదు. ఆమె కళను తృణీకరించలేదు, క్రీస్తు తర్వాతి స్థానంలో ఉంచారు. అడవిపువ్వులను గమనించమన్నది ప్రభువే (మత్తయి 6:28).

రెండవది, మారుమూల గూడెంలో పదిమందితో ఆరాధన నడిపిస్తూ, ఇన్నేళ్లలో ఏం సాధించానని రాత్రివేళ తనను తాను అడుక్కునే సేవకునికి. అత్తరుబుడ్డి పగిలినప్పుడు నష్టమని సణిగినవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ప్రభువు దాన్ని నష్టం అనలేదు. సోదరా, గింజ ఎక్కడ పడుతుందో తొడిమెకు తెలియదు. నీ పని ఎండ వైపు ముఖం తిప్పి నిలబడడం.

ఈ లెంటులో మోదుగు చెట్టు కనబడితే ఒక్క నిమిషం ఆగండి. పిల్లలకు ఒక కాగితం, కాసిని నీళ్లు, రంగులు ఇచ్చి ఆ పువ్వును వేయమనండి. వాళ్లు వేస్తుండగా దాన్ని పూయించినవాని గురించి చెప్పండి. అట్టి కృప ప్రభువు మనకందరికీ అనుగ్రహించును గాక. ఆమేన్.