కీర్తిశేషులు ఎస్. వి. రంగారావుగారు

వెండితెర మీద కథానాయకుని పేరు ముందు కనిపిస్తుంది. గోడ మీది ప్రకటనలో పెద్ద బొమ్మ ఆయనదే. అయినా ఆట ముగిసి ఇంటికి చేరిన ప్రేక్షకుని మనస్సులో ఒక్కొక్కప్పుడు వేరొకరి నడక, వేరొకరి చూపు నిలిచిపోతుంది. తెలుగు చిత్రములలో అట్లు నిలిచిపోయిన నటులలో అగ్రగణ్యులు సామర్ల వెంకట రంగారావుగారు. ఆ స్థానము ఆయనకు సులభముగా లభించినది కాదు.

1918 జూలై 3వ తేదీన కృష్ణాజిల్లా నూజివీడులో ఆయన జన్మించినారు. బాల్యములో కొంతకాలము మద్రాసులో చదివినారు. అనంతరము కాకినాడలో పట్టభద్రులైనారు. ఆ రోజులలో కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకములకు పెట్టినది పేరు. రంగారావుగారి నటనాభిరుచికి ఆ రంగస్థలము మంచి శిక్షణనిచ్చినది. చదువు ముగిసిన పిమ్మట ఆయన అగ్నిమాపకశాఖలో చేరి, బందరులోను, విజయనగరములోను అధికారిగా పనిచేసినారు.

పట్టభద్రునికి సర్కారు కొలువు లభించుటే భాగ్యమని భావించే కాలమది. నెలజీతము, పెద్దల మెప్పు, నిశ్చింతయైన జీవితము - వీటిని వదలుకొని ఆయన చిత్రరంగము వైపు నడిచినారు. బి. వి. రామానందంగారి దర్శకత్వమున 1946లో తయారైన 'వరూధిని'లో ప్రవరాఖ్యునిగా కథానాయక పాత్రనే ధరించినారు. కాని ఆ చిత్రము విజయము పొందలేదు. చేతిలోని ఉద్యోగము పోయినది; ఆశించిన అవకాశములు రాలేదు. ఆయన మరల ఉద్యోగము వెదుకుకొని జంషెడ్‌పూరు చేరి, టాటా సంస్థలో లెక్కల బల్ల ముందు కూర్చున్నారు. ముప్పది యేండ్లైన నిండకమునుపే ఆయన నటజీవితము ముగిసినదని ఎవరైనా అనుకొన్నచో అది తప్పని అనుటకు అప్పుడు ఏ ఆధారమూ లేదు.

1950లో పరిస్థితి మారినది. ఆ యేడు ఆయన 'పల్లెటూరి పిల్ల'లో నటించినారు. విజయా సంస్థవారి తొలిచిత్రము 'షావుకారు'లో సున్నం రంగడనే రౌడీ వేషము వేసినారు. ఒకసారి కథానాయకునిగా నిలిచినవారికి ఇది మెట్టు దిగుటగా తోచవచ్చును. రంగారావుగారు అట్లు తలచినట్లు ఆ నటనలో ఎక్కడా కనబడదు. దర్శకులు ఎల్. వి. ప్రసాదుగారి చేతిలో ఆ రౌడీ, వీధిలో మనకు ఎదురుపడే మనిషివలె ప్రాణము పోసుకొన్నాడు. నాటి ప్రవరుని నేడు తలచేవారు అరుదు. సున్నం రంగడిని మరచినవారు అరుదు.

మరుసటి యేడు, 1951లో, కె. వి. రెడ్డిగారి 'పాతాళభైరవి' వచ్చినది. నేపాళ మాంత్రికుడు క్రూరుడు, కపటి. అయినా చిన్నపిల్లలు సైతము అతనిని చూచి భయపడుతూనే ముచ్చటపడినారు. ఉచ్చారణలోని యాస, కన్నుల కదలిక, నడకలోని తీరు - అన్నియు ఆ పాత్రకొరకే పుట్టినట్లుండెను. ప్రతినాయకుడు కేవలము అరచి భయపెట్టవలసినవాడు కాడని, అతనికీ ఒక వ్యక్తిత్వముండునని తెలుగు తెరకు గట్టిగా చెప్పిన పాత్రలలో అది ఒకటి.

1957లో వచ్చిన 'మాయాబజార్' ఆయన శక్తికి మరియొక నిదర్శనము. అందలి ఘటోత్కచుడు రాక్షసుడే. కాని తల్లిమాట జవదాటని కొడుకు, వినోదప్రియుడు. పెండ్లివారి భక్ష్యభోజ్యములను ఒంటరిగా ఆరగించే ఘట్టములో పాట మాధవపెద్ది సత్యంగారిది, అభినయము రంగారావుగారిది. వినేవారికి రెండూ ఒక్కరివే అనిపిస్తుంది. ఘటోత్కచుడు శశిరేఖ రూపము దాల్చిన తరువాత సావిత్రిగారు ఆ ఠీవిని, ఆ అడుగును తన అభినయములోనికి తెచ్చుకొనవలసి వచ్చినది. ఆమె నడక చూచి ప్రేక్షకులు ఘటోత్కచుని పోల్చుకొన్నారు. ఒక నటుడు పాత్రకు ఇచ్చిన ముద్ర ఎంత బలమైనదో తెలుపుటకు ఇంతకు మించిన సాక్ష్యము అక్కరలేదు.

రాక్షసులు, రాజులు మాత్రమే ఆయన సొత్తు కారు. 1955లో బి. ఎన్. రెడ్డిగారి 'బంగారుపాప'లో, దిక్కులేని పసిపాపను పెంచుతూ క్రమముగా మెత్తబడే మోటుమనిషి కోటయ్యగా కంట తడి పెట్టించినారు. అదే సంవత్సరము 'మిస్సమ్మ'లో, ముప్పదియేడేండ్లు నిండకమునుపే, తప్పిపోయిన కూతురికై పరితపించే తండ్రిగా కనిపించినారు. తమిళ ప్రేక్షకులు 'అన్నై', 'కర్పగం' వంటి చిత్రములలో ఆయనను తమవానిగానే ఆదరించినారు. 1963 నాటి 'నర్తనశాల'లో ధరించిన కీచక పాత్రకు, 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవములో ఉత్తమ నటుడుగా బహుమతి పొందినారు. మదము, మోహము, రాజసము మూడును కలిసిన ఆ పాత్ర, భాష తెలియనివారిని కూడ ఆకట్టుకొన్నది.

దర్శకునిగా ఆయన నిర్వహించిన 'చదరంగం' 1967లోను, 'బాంధవ్యాలు' 1968లోను వెలువడినవి. రెండును రాష్ట్రప్రభుత్వపు నంది బహుమతులు పొందినవి.

1974 జూలై 18వ తేదీన మద్రాసులో గుండెపోటుతో ఆయన కన్నుమూసినారు. అప్పటికి ఆయన వయస్సు ఏబదియారు మాత్రమే. తాతలుగా, తండ్రులుగా ఆయనను చూచుటకు అలవాటుపడిన ప్రేక్షకులు, ఇంత చిన్న వయస్సా అని ఆశ్చర్యపడుట సహజమే.

భారతీయ సినిమా నూరేండ్ల సందర్భమున 2013లో తపాలాశాఖ విడుదల చేసిన బిళ్లలలో ఒకదానిపై ఆయన బొమ్మ ఉన్నది. యౌవనములో సర్కారు కొలువు విడిచి, ఓటమి చూచి, మరల గుమాస్తా బల్ల నుండి లేచి వచ్చిన ఆ నటుని ముఖము, ఈ విధముగా సర్కారు ముద్రతోనే దేశమంతటికీ చేరినది.