చిట్టా పుస్తకాల్లో నెత్తురు చూసిన గుమాస్తా

ఆఫ్రికాలో తుపాకీ రాజ్యమేలిన ప్రాంతాల గురించి లోకానికి చాటిన పత్రికా రచయితలు ఎందరో ఉన్నారు. వారిలో చాలామంది అక్కడికి వెళ్ళి, ప్రాణాలకు తెగించి, కళ్ళారా చూసి రాసినవాళ్ళు. నేనిక్కడ పరిచయం చేయబోయే మనిషి మాత్రం కాంగో నేల మీద ఒక్కనాడూ కాలు పెట్టలేదు. ఆయన చూసిందల్లా ఓడ సరుకుల లెక్కలు. అయినా ఒక రాజు సింహాసనం కింద నేల కదిలించాడు. ఆయన పేరు ఎడ్మండ్ డీన్ మోరెల్.

మోరెల్ 1873లో పారిస్‌లో పుట్టాడు. తండ్రి ఫ్రెంచివాడు, తల్లి ఇంగ్లీషు వనిత. నాలుగేళ్ళ వయసులోనే తండ్రి పోయాడు. చదువు ఇంగ్లండులో సాగినా, పదిహేనేళ్ళకే బడి మానేయాల్సి వచ్చింది. మనలా కాలేజీ మెట్లెక్కే భాగ్యం ఆయనకు దక్కలేదు. 1891లో లివర్‌పూల్‌లోని ఎల్డర్ డెంప్‌స్టర్ ఓడల కంపెనీలో గుమాస్తాగా చేరాడు. జీతం చాలక, పశ్చిమాఫ్రికా వర్తకం మీద పత్రికలకు వ్యాసాలు రాస్తుండేవాడు.

ఆనాటి కాంగో సంగతి కొంచెం చెప్పాలి. 1885లో యూరప్ రాజ్యాలన్నీ కలిసి ఆ మహాప్రదేశాన్ని బెల్జియం రాజు రెండో లియోపోల్డ్‌కు ఒప్పజెప్పాయి. బెల్జియం దేశానికి కాదు సుమా, ఆ రాజు ఒక్కడికే! దానికి పెట్టిన పేరు కాంగో స్వేచ్ఛా రాజ్యం. పేరులో తప్ప స్వేచ్ఛ ఎక్కడా లేదు. చట్టం కాపాడవలసిన సైన్యమే ఊళ్ళ మీద పడేది. మగవాళ్ళు అడవికి పోయి రబ్బరు తెచ్చేదాకా ఆడవాళ్ళను బందీలుగా ఉంచేవారు. కాల్చిన ప్రతి తూటాకూ లెక్కగా నరికిన చెయ్యి చూపించమని సిపాయిలను అడిగేవారు. ఇవేవీ బయటి ప్రపంచానికి సరిగ్గా తెలియవు. రాజుగారు మాత్రం పరోపకారి అని పేరు తెచ్చుకున్నాడు.

కాంగోకు ఓడలు నడిపే గుత్త మోరెల్ పనిచేసే కంపెనీదే. ఫ్రెంచి బాగా వచ్చు గనుక ఆయన్ని తరచు బెల్జియం పంపేవారు. ఆంట్‌వెర్ప్ రేవులో ఆయన సరుకుల పట్టీలు చూశాడు. అటునుంచి రబ్బరు, ఏనుగు దంతాలు ఓడల నిండా దిగుతున్నాయి. ఇటునుంచి పోయేవాటిలో తుపాకులు, తూటాలే ఎక్కువ. అంత సరుకుకు బదులుగా ఆఫ్రికా జనానికి దక్కుతున్నది దాదాపు ఏమీ లేదు. కొన్నవాడు డబ్బివ్వకుండా, అమ్మినవాడు కిమ్మనకుండా ఎక్కడైనా వర్తకం సాగుతుందా? అది వర్తకం కాదు, తుపాకీ చూపించి చేయించే వెట్టి అని ఆయనకు అర్థమైంది. ఆ పట్టీలు ఎందరి చేతులు మారాయో! కూడికలు సరిపోతే చాలనుకున్నారంతా. ఆ కూడికల వెనక మనుషులున్నారని మోరెల్‌కు తోచింది. నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది ఇదే.

పైవాళ్ళకు చెప్పాడు, వాళ్ళకు రుచించలేదు. పెద్ద ఉద్యోగం ఇవ్వజూపారు. ఇంట్లో భార్యాబిడ్డలున్నారు, వెనక ఆస్తి లేదు. అయినా 1902 నాటికి కంపెనీతో తెగతెంపులు చేసుకున్నాడు. అప్పటికింకా ముప్పయ్యేళ్ళు నిండలేదు.

1903లో సొంతంగా వారపత్రిక పెట్టాడు. మిషనరీల ఉత్తరాలు, ఉద్యోగం మానేసినవాళ్ళు చేరవేసిన కాగితాలు, ప్రభుత్వ ప్రకటనలు ఒకదానితో ఒకటి సరిచూసి అచ్చువేసేవాడు. ఆ ఏడే బ్రిటిష్ పార్లమెంటులో కాంగోపై తీర్మానం జరిగింది. కాన్సల్ రోజర్ కేస్‌మెంట్ స్వయంగా లోపలి ఊళ్ళు తిరిగి నివేదిక రాశాడు. 1904లో ఇద్దరూ పూనుకొని కాంగో సంస్కరణ సంఘం స్థాపించారు. ఆలిస్ సీలీ హారిస్ తీసిన ఫొటోలు సభల్లో చూపించారు. రాజు డబ్బు వెదజల్లి ఎదురు ప్రచారం చేయించాడు. కానీ ఆయన వేసిన విచారణ సంఘమే 1905లో ముఖ్యమైన ఆరోపణలు నిజమని తేల్చింది. 1908లో కాంగో రాజు చేజారి బెల్జియం ప్రభుత్వపరమైంది. పరాయి పాలన పోలేదుగానీ ఆ ఒంటి మనిషి దోపిడీ ముగిసింది.

తరువాత మొదటి ప్రపంచ యుద్ధాన్ని వ్యతిరేకించి, 1917లో ఆరు నెలల జైలుశిక్ష పొందాడు. ఆరోగ్యం చెడింది. 1922లో డండీ నియోజకవర్గంలో చర్చిల్ ఓడిపోగా, గెలిచిన ఇద్దరిలో మోరెల్ ఒకడు. 1924లో, 51వ ఏట కన్నుమూశాడు.

ఒక మచ్చ కూడా చెప్పాలి. 1920లో జర్మనీలోని రైన్ ప్రాంతంలో ఫ్రాన్సు తరఫున ఉన్న ఆఫ్రికన్ సైనికుల మీద మోరెల్ రాసిన రాతల్లో జాతి విద్వేషం పచ్చిగా కనిపిస్తుంది. ఆఫ్రికన్ల పక్షాన నిలిచిన చేతే అదీ రాసింది. దాన్ని దాచి ఆయన్ని దేవుణ్ణి చేయడం నాకిష్టం లేదు. అలాగని కాంగోకు చేసిన మేలూ చెరిగిపోదు.

కాంగో కష్టాలు నేటికీ తీరలేదు. 2025 జనవరిలో తూర్పున గోమా నగరం ఎం-23 తిరుగుబాటుదారుల వశమైంది. ఆ ప్రాంతపు బంగారం, కోల్టాన్ ఖనిజం ఏ దారిన పోతున్నాయి, తుపాకులు ఏ దారిన వస్తున్నాయి అన్న ప్రశ్న మోరెల్ అడిగినదే.

మిత్రులారా, రేపు మనలో చాలామందిమి బ్యాంకుల్లో, కంపెనీల్లో, ఆఫీసుల్లో కుర్చీలెక్కి లెక్కలు రాస్తాం, సంతకాలు పెడతాం. అందరం పత్రికలు పెట్టనక్కర్లేదు. సంతకం పెట్టేముందు ఆ అంకె ఎవరి చెమటో, ఎవరి నెత్తురో ఒక్క నిమిషం అడిగి తెలుసుకుంటే చాలు.